ఈనే సమయంలో ఆవుకు ఈస్ట్, వంట సోడా ఎప్పుడు మొదలుపెట్టాలి?

చిత్తూరు జిల్లాలో హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులను పెంచుతున్నాను. ఈనడానికి 3 వారాల ముందు నుంచి ఈనిన 3 వారాల వరకు ఆవు మేత తగ్గిస్తుందని, ఆ సమయంలోనే పాల కోసం దాణా ఒక్కసారిగా పెంచితే పెద్ద పొట్టలో ఆమ్లం పెరిగి, పి.హెచ్. (ఆమ్లత కొలత; తగ్గితే ఆమ్లం ఎక్కువని అర్థం) 5.8 కంటే కిందికి దిగి గంటల తరబడి అలాగే ఉంటే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయని మా పశువైద్యులు వివరించారు. కిందటి ఈతలో మా ఆవు సరిగ్గా ఇలాగే నెమరు తగ్గించింది. పేడ పలుచబడి, నురగతో, అరగని మొక్కజొన్న నూకతో, అక్కడక్కడ జిగట పొరలతో పడింది. పాలలో వెన్న శాతమూ తగ్గింది. ఆ మూగజీవి మళ్లీ అంత బాధ పడకూడదన్నదే నా తపన.

ఇప్పుడు అది నిండు చూడితో ఉంది. పెద్ద పొట్టలో ఆమ్లం పెరగకుండా ఈస్ట్, వంట సోడా వాడాలనుకుంటున్నాను. సజీవ ఈస్ట్‌ను ఈనకముందే అలవాటు చేయాలా, ఈనిన తరువాత చాలునా? వంట సోడాలోని సోడియం ఈనకముందు ఇస్తే పాలజ్వరం (ఈనిన వేళ రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) ముప్పును పెంచుతుందని తెలిసి దాన్ని ప్రస్తుతం ఇవ్వడం లేదు. ఈనిన ఎన్నో రోజు నుంచి, ఎంత మోతాదులో దాణాలో కలపవచ్చు? జొన్న చొప్పను ఎంత పొడవు ముక్కలుగా కోస్తే నెమరు బాగా వేస్తుంది? ఈస్ట్ వాడి, పేడలోనూ వెన్న శాతంలోనూ తేడా స్వయంగా గమనించిన రైతులు, పశుపోషణ నిపుణులు దయచేసి తెలియజేయగలరు.