పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్నాము, సంఘంలో వేరుపడిపోయినట్టుంది

ప్రశ్న (కడప)
అందరికీ వందనాలు. బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తల్లిదండ్రులకు అప్పగించిన, పిల్లలకు దేవుని మాటలు నేర్పే బాధ్యతను మనసులో పెట్టుకొని, నా భార్యా నేనూ మా ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే పాఠాలు చెబుతున్నాము. చదువుకు లోటేమీ లేదు గానీ, ఆరాధన ముగిశాక మందిరం ఆవరణలో మాటలన్నీ ఫీజులు, బస్సులు, మార్కుల చుట్టే తిరుగుతాయి కాబట్టి మా ఆవిడ ఒక పక్కన నిలబడిపోతుంది. వేసవి వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతుల్లో) పేర్లు రాసుకుంటూ బడి పేరు అడిగితే మా అమ్మాయి తెల్లమొహం వేసింది. ఆ గడిలో ఎవరో ‘చదవడం లేదు’ అని రాసేశారు. కీర్తనలు గడగడా అప్పజెప్పే పిల్ల అది! ఇలాంటి స్థితిలో మీరేం చేశారు?

జవాబు (జమ్మలమడుగు)
బాబూ, ఆ రాత తప్పే. అయితే పెద్దల నొప్పి ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. మన సీమలో సంఘమూ బడీ జంటగా పెరిగాయి. లండన్ మిషనరీ సొసైటీవారు కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల్లో పనిచేసిన కాలంలో, ఊరి బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లల చేతికి పలక ఇచ్చింది మిషన్ బడే. అందుకే ‘మాకు బడి అక్కర్లేదు’ అన్న మాట, మా తాతలు అవమానాలు పడి అందుకున్నదాన్ని కాలదన్నినట్టు మా తరంవారికి వినిపిస్తుంది. నీ ఉద్దేశం అది కాదని వాళ్ల ఇళ్లకు వెళ్లి నిదానంగా చెప్పు. మందిరం మెట్ల మీద తేలే విషయం కాదిది.

జవాబు (అనంతపురం)
అన్నా, మేమూ ఇంట్లోనే చదివిస్తున్నాము. గుసగుసల్లో సగం ‘రేపు పరీక్షలెట్లా?’ అన్న భయమే. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల బడి చదువు గురించి చెబుతుందే గానీ ఇంటి చదువును పేరుపెట్టి ప్రస్తావించదు కాబట్టి ఆ అనుమానం సహజమే. 14 ఏళ్లు నిండాక ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా గానీ ఏపీ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా గానీ పదో తరగతి రాయవచ్చని మా పాస్టరమ్మకు వివరించాను. ఆమె స్త్రీల సమాజంలో చెప్పాక ఆరాలు చాలావరకు తగ్గాయి.

జవాబు (కర్నూలు)
నేను సండే స్కూల్ టీచరును. మేము నమోదు కాగితంలో బడి గడి తీసేసి వయసు ఒక్కటే అడుగుతున్నాము. అయితే రెండో వైపు కూడా చెప్పాలి. మా సంఘంలో ఇంటి చదువు కుటుంబం ఒకటి, బడి పిల్లల మాటలు తమ పిల్లలకు అంటుకుంటాయంటూ ఆశీర్వాదం కాగానే బండెక్కి వెళ్లిపోయేది. అది చెవిన పడిన తల్లులు నొచ్చుకోరా? మీరు అలాంటివారని అనడం లేదు. మీ ఆవిడకు పాఠం చెప్పే నేర్పు ఉంది గనుక సండే స్కూల్లో ఒక తరగతి అడగమనండి. టీచర్లకు ఎక్కడైనా కొరతే గదా, కాదనరు.