హ్యారీ లాసన్: బ్రిటన్ కార్ల పరిశ్రమకు ఆద్యుడా, షేర్ల మోసగాడా?

మొదటి పోస్ట్:
లాసన్ లేకపోతే బ్రిటన్‌లో కార్ల పరిశ్రమే లేదని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకు అస్సలు మింగుడుపడలేదు. ట్రామ్ కంపెనీ షేర్ల మోసం కేసులో 1904లో ఏడాది కఠిన కారాగార శిక్ష పడిన మనిషి ఆయన. కంపెనీ మీద కంపెనీ పెట్టి జనం డబ్బు గుంజడం తప్ప చేసిందేముంది?

జవాబు:
ఆ మాట రాసింది నేనే, ఇప్పటికీ అదే అంటాను. 1879లోనే వెనక చక్రాన్ని చైన్‌తో తిప్పే సైకిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు, అంటే యంత్రం తెలియని మనిషి కాదు. ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి దగ్గర జర్మన్ డైమ్లర్ ఇంజిన్ల హక్కులు కొని 1896 జనవరిలో లక్ష పౌండ్ల మూలధనంతో కంపెనీని మార్కెట్లోకి తెచ్చి, కోవెంట్రీలో ఖాళీగా పడున్న పత్తి మిల్లులో ఫ్యాక్టరీ పెట్టించాడు. అప్పటికి బ్రిటన్ చట్టం ప్రకారం కారంటే దాని ముందు ఒక మనిషి నడవాలి, గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు! ఆ చట్టం మారిన రోజే, నవంబర్ 14న, లండన్ నుంచి బ్రైటన్‌కు కార్ల యాత్ర పెట్టింది కూడా ఈయనే. బయల్దేరే ముందు టిఫిన్ల దగ్గర ఒక ప్రభువు ఆ పాత చట్టానికి గుర్తుగా ఉన్న ఎర్రజెండాను చించేశాడు. జనానికి కారంటే ఏమిటో కళ్లారా చూపించిన రోజది.

మొదటి పోస్ట్ రాసినవారు:
యాత్ర గొప్పదే, కాదనను. మరి కార్ల పేటెంట్ల సంగతో? ఇంజిన్‌తో నడిచే బండి ఎవరు చేసినా తనకు లైసెన్స్ ఫీజు కట్టాల్సిందేనని కూర్చున్నాడు. సొంతంగా షెడ్డులో బండి కట్టుకునే చిన్న మెకానిక్ ఎక్కణ్నుంచి తెస్తాడు? 1901లో కోర్టులో ఓడిపోయేదాకా ఆ పెత్తనం వదల్లేదు. జైలు కంటే నాకు ఇదే పెద్ద తప్పుగా అనిపిస్తుంది.

జవాబు:
పేటెంట్ల విషయంలో మీతో వాదించను, అది దారికడ్డంగా గేటు పెట్టి డబ్బు వసూలు చేయడమే. షేర్లు కొని నష్టపోయినవాళ్ల ఉసురూ తగిలే ఉంటుంది. కానీ ఆ డబ్బు మొత్తం గాల్లో కలిసిపోలేదండీ. కంపెనీలో లాసన్ మాట చెల్లని రోజులొచ్చాక కూడా ఆ పత్తి మిల్లులోంచి డైమ్లర్ కార్లు వస్తూనే ఉన్నాయి, 1900లో రాజకుటుంబం కూడా ఒకటి కొనుక్కుంది. ఆ మిల్లుకు డబ్బు సమకూర్చింది ఎవరో చెప్పకుండా ఈ చరిత్ర రాయగలమా?