నాదస్వరం వాయించే చేతికి డుడుక్ అబ్బుతుందా?

ప్రశ్న (తిరుపతి నుంచి)

మా నాన్నగారి వద్ద పన్నెండేళ్లుగా నాదస్వరం నేర్చుకుంటూ, పెళ్లిళ్లలోను, ఉత్సవాలలోను వాయిస్తున్నాను. ఇటీవల ఆర్మేనియా వాద్యమైన డుడుక్‌ను, ముఖ్యంగా జీవాన్ గాస్పర్యాన్ గారి వాదనాన్ని విన్నప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. మన నాదస్వరం వీధి చివరి వరకు వినిపిస్తే, డుడుక్ పక్కన కూర్చున్న మనిషి మెల్లగా మాట్లాడినట్లు పలుకుతోంది. ఆషాఢంలోను, మూఢంలోను మాకు పని ఉండదు కాబట్టి అడుగుతున్నాను: ఆ ఒక్క వాద్యంతో ఆయన జీవితం ఎలా నడిచింది? నాదస్వరానికి అలవాటుపడిన ఊపిరితో దానిని నేర్చుకోవచ్చునా?

జవాబు 1 (విశ్రాంత సంగీత అధ్యాపకుడు, తిరుపతి)

బాబూ, గాస్పర్యాన్ 1928లో సోలాక్ అనే గ్రామంలో పుట్టి, ఆరేళ్ల వయసులో డుడుక్ పట్టి, పెద్దల వాదనం వింటూ నేర్చుకున్నారు. తతుల్ అల్తున్యాన్ నెలకొల్పిన గాననృత్య బృందంలో 1948లో చేరారు. జానపద వాద్యానికి అటువంటి బృందంలో స్థానం దొరకడం ఆయన జీవితానికి పునాది అని నా అభిప్రాయం. పెళ్లి పిలుపు కోసం ఎదురుచూసే కళాకారుడికి ఆ నిలకడ విలువ తెలుసు. 1959, 1962, 1973, 1980 సంవత్సరాలలో యునెస్కో పతకాలు వచ్చాయి. 1973లో ఆర్మేనియా ప్రజా కళాకారుడనే బిరుదు కూడా లభించింది. పాశ్చాత్య శ్రోతలకు మాత్రం ఆయన పేరు బాగా తెలిసింది బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో చొరవతో 1989లో లండన్‌లో ఆల్బమ్ విడుదలైన తర్వాతే, అంటే అరవై ఏళ్లు దాటాక. 2000లో వచ్చిన గ్లాడియేటర్ చిత్ర సంగీతంలోనూ ఆయన డుడుక్ ఉంది. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని సంగీత కళాశాలలో శిష్యులను తయారుచేసి, 2021 జూలైలో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారిని తలచుకో. ఇద్దరూ పట్టిన వాద్యాన్ని విడిచిపెట్టలేదు.

జవాబు 2 (సన్నాయి కళాకారుడు, చిత్తూరు)

తమ్ముడూ, నా దగ్గర ఒక డుడుక్ ఉంది కనుక చేతి అనుభవమే చెబుతాను. దానిని జల్దారు (ఆప్రికాట్) చెట్టు కర్రతో చేస్తారు. ముందువైపు ఎనిమిది రంధ్రాలు, వెనుక బొటనవేలికి ఒకటి ఉంటాయి. రంధ్రాన్ని సగం మూసి స్వరాన్ని వంచే పని మన వేళ్లకు కొత్త కాదు. కష్టమంతా పీకతోనే, అంటే నోట పెట్టుకుని ఊదే రెల్లు ముక్కతోనే. మన పీక చిటికెన వేలి కొసంత ఉంటే, దాని పీక వేలెడు పొడవున, వెడల్పుగా, నొక్కిన రెల్లుగొట్టంలా ఉంటుంది. నాలుగు చుక్కల నీళ్లు లోపల పోసి, విదిలించి, పీక నోరు తెరుచుకునే దాకా ఆగాలి. ఎక్కువ తెరుచుకుంటే గాలి వృథా అవుతుంది, మూసుకుపోతే స్వరమే రాదు. పీక నడుము దగ్గర ఉన్న కట్టును పైకి కిందికి జరిపి శృతిని సరిచేసుకుంటాము. మే నెల ఎండలో మా ఇంట్లో ఒక పీక నిలువునా చీలింది; ఆ రోజు చాలా బాధపడ్డాను.

మరొక మాట. నాదస్వరం రెండు స్థాయిలు (స నుంచి పై స వరకు ఒక స్థాయి) దాటి పలుకుతుంది, డుడుక్ ఒక స్థాయికి కాస్త పైన ఆగిపోతుంది. బలంగా ఊదే అలవాటును తగ్గించుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

జవాబు 3 (తిరుపతి)

పై ఇద్దరూ చెప్పని విషయం ఒకటుంది. డుడుక్ సంప్రదాయంగా ఒంటరిగా పలకదు. రెండో కళాకారుడు ‘దమ్’ అనే ఒకే ఆధార స్వరాన్ని, బుగ్గలలో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, తెగకుండా పట్టి ఉంచుతాడు. మీరు విని కరిగిపోయిన ఆ నాదంలో సగం అతనిదే. మన మేళంలోనూ ఒత్తు (ఆధార శృతి ఒక్కటే పలికే ఊదే వాద్యం) పట్టే మనిషి ఉండేవాడు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పని శృతిపెట్టె చేస్తోంది. డుడుక్ కొనడానికి ముందు ఒత్తు పట్టే మనిషిని వెతుక్కోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. ఈ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. చివరి జవాబు విన్నాక ఆయన లేచి, అటక మీద గుడ్డలో చుట్టి ఉంచిన తాతగారి ఒత్తును దించారు. పీక ఎండిపోయింది గాని గొట్టం బాగానే ఉంది. రేపు ఉదయం ఆయన ఒత్తు పడతానన్నారు, నేను నాదస్వరం పడతాను. ఈసారి వీలైనంత మెల్లగా ఊదుతాను.