కమాన్ అంటే గేటు కాదండీ

పొద్దున ఒకరు అడిగారు, తోరణం, ముఖద్వారం అని మంచి మాటలుండగా తెలంగాణలో ఊరి మొదట్లో కట్టేదాన్ని కమాన్ అంటారేంటి, హైదరాబాద్ చార్మినార్ దగ్గరి చార్‌కమాన్ అంటే నాలుగు గేట్లేనా అని.

కాదండీ. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. ఫిడేలు వాయించే కమాను అదే, లారీ కింద దొంతరగా బిగించే కమాన్ కట్టలూ అవే. మా సందు చివర మెకానిక్ షెడ్డులో విప్పేసిన పట్టీ ఒకటి ఎప్పుడూ నేలమీద బోర్లా పడి ఉంటుంది, చూస్తే అచ్చం చార్మినార్ దగ్గరి కమానే, నడిమిన మొన తేలలేదంతే.

తోరణానికి ఆ వంపు అక్కర్లేదు. వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలు చూడండి, నాలుగు దిక్కులా నాలుగు, నిలువు స్తంభాల మీద అడ్డంగా రాతి దూలాలు. దాన్ని కమాన్ అంటే తప్పే.

ఇక గేటంటే దర్వాజా, అసలు మజా ఇక్కడుంది. గోల్కొండ జనంతో కిక్కిరిసి నీళ్లకు కటకటైంది. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నది అవతల కొత్త ఊరు హైదరాబాద్ మొదలుపెట్టాడు, నక్షా ఆయన పీష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్‌ది. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఒకటి, దానికి అడ్డంగా ఇంకోటి, రెండూ కలిసే చోట చార్మినార్, దానికి ఉత్తరాన నాలుగు కమాన్లు. అయితే ఈ ఊరికి గోడే లేదు! మొఘల్ సుబేదారు ముబారిజ్‌ఖాన్ 1720ల్లో మొదలుపెట్టిన గోడ మొదటి నిజాం కాలంలో, 1740 నాటికి గానీ పూర్తి కాలేదు. దబీర్‌పురా దర్వాజా ఆ గోడదే. గోల్కొండది కోట, అందుకే అక్కడ ముందునుంచే దర్వాజాలు. మూసేదానికి దర్వాజా, బజారు మీద నిలబడి జనాన్ని కిందనుంచి పోనిచ్చేదానికి కమాన్ అని నాకు తోస్తుంది.

కమాన్ల పేర్లంటారా, మచ్లీ కమాన్, కాలీ కమాన్, చార్మినార్ కమాన్. పడమటిది రాజమహళ్లకు పోయే దారిలోది, సెహ్రె బాతిల్ కమాన్. సిహ్ర్ అంటే చేతబడి, బాతిల్ అంటే చెల్లనిది. చేతబడి పారని కమాన్ అన్నమాట. జనం నోట్లో నలిగి సిహ్ర్ కాస్తా షేర్ అయింది, అంటే సింహం! ఇది తప్పని నేను సరిదిద్దబోను, నాలుగొందల ఏళ్ల నుంచి పలుకుతున్నది వాళ్లు.

అయినా ఇది తెలుగు కాదు, తోరణమే అనాలి అని కింద కామెంట్లలో ఒకాయన పట్టుబడుతున్నారు. సరే సార్, ఈసారి కరీంనగర్ వెళ్లినప్పుడు ఆటో ఎక్కి, కమాన్ దగ్గర అనకుండా, తోరణం దగ్గర ఆపు బాబూ అని చూడండి. ఎక్కడ దింపాడో మాకూ చెప్పండి.