పిండికట్టును కొరికేస్తున్న కుక్కను ఆపడం ఎలా?

ప్రశ్న (జమ్మలమడుగు నుండి)

మా చుక్క రెండేళ్ళ నాటుకుక్క. మోటారు సైకిలు తగిలి దాని కుడి ముంగాలు మోచేతికి కింద విరిగింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి పిండికట్టు వేశారు, ఆరు వారాలు ఉంచాలన్నారు. మొదట్లో కట్టు జోలికే పోలేదు గాని, ఈమధ్య ఇంట్లో అందరూ పడుకున్నాక దాని పైఅంచును పళ్ళతో పట్టి పీకుతోంది. తెల్లవారి చూస్తే పడుకున్న గోనెపట్ట మీదంతా దూది పోగులూ తెల్లటి పొడీ కనిపిస్తున్నాయి. కట్టుకు కారప్పొడి పూయమని ఒకరు, వేపనూనె రాయమని మరొకరు, రాత్రిపూట మూతికి గుడ్డ కట్టమని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో ఏది హాని లేనిది? నొప్పి వల్లే కొరుకుతుందేమో అనిపిస్తోంది కాబట్టి, మనం వాడే నొప్పి మాత్ర సగం ఇవ్వవచ్చునా అన్నది కూడా దయచేసి చెప్పండి.

జవాబు (ప్రొద్దుటూరు నుండి, పశువైద్యశాలలో పనిచేసి రిటైరైన వ్యక్తి)

అమ్మా, మాత్ర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దానికి ఆగే వ్యవధి లేదు. మనుషులకిచ్చే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కకు సగం కాదు, చిన్న ముక్క కూడా సొంతంగా ఇవ్వకండి. అవి కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలను తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లోనే మన ప్రభుత్వం నిషేధించింది. అయినా మనుషుల మందుగా ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది కనుక, తెలియక ఇచ్చేవారు నేటికీ ఉన్నారు. నొప్పికి కుక్కలకు వేరే మందులున్నాయి, వాటి మోతాదును బరువు చూసి డాక్టరే చెప్పాలి.

ఇక కొరకడం గురించి. ఇన్నాళ్ళూ ఊరుకున్న కుక్క ఉన్నట్టుండి కట్టును పీకుతోందంటే అది అల్లరి అనుకోకూడదు. లోపల ఒరుసుకుని పుండు పడి ఉండవచ్చు, దూది తడిసి ఉండవచ్చు, కాలు వాచి కట్టు బిగుతై ఉండవచ్చు, నాటుకుక్కలకు సాధారణంగా ఉండే పిడుదులు కట్టు అంచులో దూరి ఉండవచ్చు. అందుకని ఆపే ఉపాయం వెతికే ముందు కాలిని పరీక్షించండి. కట్టు వేసేటప్పుడు మధ్య రెండు వేళ్ళ కొసలను సాధారణంగా బయటికి వదులుతారు, అవి మన కోసం వదిలిన కిటికీ. రోజూ పొద్దునా సాయంత్రం వాటిని ముట్టుకుని, రెండో ముంగాలి వేళ్ళతో పోల్చి చూడండి. చల్లబడినా, ఉబ్బినా, ఆ రెండు గోళ్ళూ ఎప్పటికంటే ఎడంగా విచ్చుకున్నట్టు కనిపించినా రక్తప్రసరణ సరిగా లేదని అనుమానించాలి. తర్వాత కట్టు పైఅంచు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. చెడువాసన వస్తే లోపల చర్మం చెడుతోందన్నమాట.

కారప్పొడి మాత్రం వద్దే వద్దు. అది కుక్క కళ్ళలో, ముక్కులో పడుతుంది. అంచులోంచి జారి ఒరుసుకున్న చర్మాన్ని తాకితే ఆ మంటకు మరింత పిచ్చిగా కొరుకుతుంది. వేపనూనె పిండికట్టులోకి ఇంకి లోపలి దూదిని జిడ్డు చేస్తుంది, పైగా నాకితే కడుపులోకి పోతుంది. మూతికి గుడ్డ కట్టడం వీటన్నిటికన్నా ప్రమాదం. కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది, మన ఎండల్లో మూతి బిగిస్తే వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి రావచ్చు.

జవాబు (కడప నుండి)

పైన పెద్దాయన చెప్పినవన్నీ చూశాక కాలు బాగానే ఉందని తేలితే, నమ్మదగ్గ ఉపాయం మెడకు వేసే ప్లాస్టిక్ కోన్ ఒక్కటే. గాలి నింపి మెడకు వేసే మెత్తటి కాలర్లు కూడా అమ్ముతారు, చూడటానికి ముద్దుగా ఉంటాయి గాని, వాటి మీదుగా ముంగాలు నోటికి సులభంగానే అందుతుంది. కోన్ అంచు ముక్కు కొనను దాటి ముందుకు ఉండాలి, మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. వేసిన రోజున కుక్క తలుపులకూ గోడలకూ కొట్టుకుంటూ తిరుగుతుంది, జాలిపడి తీసేయకండి. మా ఆడకుక్కకు ఆపరేషన్ అయినప్పుడు తిండి గిన్నెను కోన్ నోటికంటే చిన్నదిగా తీసుకుని పీట మీద పెడితే తినడం అలవాటైంది. ముఖ్యంగా నీళ్ళు తాగగలుగుతోందో లేదో దగ్గరుండి చూసుకోవాలి.

పగలు ఏమీ తోచక కొరికే కుక్కలు కూడా ఉంటాయి. గట్టి రబ్బరు బొమ్మలో చల్లారిన సంగటి కూరి ఇస్తే చాలాసేపు దానితోనే కాలక్షేపం చేస్తుంది. అందులో ఉల్లిపాయ, వెల్లుల్లి కలిసిన కూరగాని పులుసుగాని కలపవద్దు. ఉడికిన కోడి ఎముకలు కూడా ఇవ్వవద్దు.

జవాబు (అనంతపురం నుండి)

తడి గురించి ఒక మాట. మన ఇళ్ళలో కడప బండలు కడిగాక అక్కడక్కడా నీళ్ళు నిలుస్తాయి. కుక్క అక్కడే పడుకుంటే పిండికట్టు నీరు పీల్చి మెత్తబడుతుంది. ఫైబర్‌గ్లాస్ కట్టు పైకి చెడిపోకపోయినా లోపలి దూది తడిస్తే ఆరదు. బయటికి తీసుకువెళ్ళేటప్పుడు ఖాళీ సెలైన్ సంచిని కత్తిరించి కాలికి తొడగండి, ఇంట్లోకి రాగానే తీసేయండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. నున్నటి బండల మీద కట్టు జారుతుంది కాబట్టి కుక్క తిరిగే చోటంతా గోనెపట్టలు పరచండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే చూశాను. మధ్య రెండు గోళ్ళూ రెండో కాలి గోళ్ళకంటే ఎడంగా ఉన్నాయి, వేళ్ళు చల్లగా అనిపించలేదు గాని ఉబ్బినట్టున్నాయి. పైఅంచు దగ్గర పుల్లటి వాసన కూడా వస్తోంది. కట్టు వేసిన డాక్టరుగారు ఊళ్ళో లేరు. అంచును కత్తెరతో కొంచెం వదులు చేయవచ్చునా?

జవాబు (ప్రొద్దుటూరు నుండి)

కత్తెర పెట్టకండమ్మా. లోపల వాచిన చర్మం ఎక్కడుందో పైనుంచి తెలియదు, పైగా కట్టు సగం తెగితే విరిగిన ఎముక కదిలిపోతుంది. రేపటిదాకా ఆగకుండా ఈరోజే తీసుకువెళ్ళండి. మీకు దగ్గరలో ప్రొద్దుటూరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రిలో చూపించవచ్చు. ముందుగా ఫోన్ చేసి ఈ సమయంలో చూస్తారో లేదో కనుక్కోండి. కట్టు విప్పి మళ్ళీ వేయడానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు కనుక ఇప్పటినుంచి తిండి పెట్టకండి, నీళ్ళు ఎప్పటిదాకా ఇవ్వవచ్చో ఆ ఫోన్‌లోనే అడగండి. పాత ఎక్స్‌రే ఫిల్మును, ఇచ్చిన మందుల చీటీని వెంట తీసుకువెళ్ళండి. దూది ఎంత మింగిందో ఖచ్చితంగా తెలియకపోయినా, కొరికిందన్న విషయం మాత్రం తప్పక చెప్పండి. దూదీ గుడ్డపీలికలూ పేగుల్లో అడ్డుపడే అవకాశం ఉంది కాబట్టి, రానున్న రోజుల్లో వాంతులు చేసుకున్నా, తిండి మానేసినా, మలం రాకపోయినా వెంటనే మళ్ళీ చూపించాలి. కొత్త కట్టు వేశాక కోన్ పెట్టించుకునే ఇంటికి తీసుకురండి.