హైదరాబాద్ బస్తీల్లో సూక్ష్మరుణ పరిశోధన: పేదలకు ఒరిగింది ఏమిటి?

మూసీ ఒడ్డు:
అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు మన నగరంలో 104 బస్తీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగాన్ని ఎంచారు. 2005 తర్వాత, పేదలకు చిన్న అప్పులిచ్చే స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ ముందుగా ఆ 52 బస్తీల్లోకి వెళ్లింది. మిగతా 52 పోల్చి చూడటానికి. ఇలాంటి ప్రయోగాల పద్ధతికే 2019లో బెనర్జీ, డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది. పేదల బతుకుల మీద ఇలా లాటరీ వేయడం న్యాయమేనా? దానివల్ల బస్తీకి తెలిసివచ్చింది ఏమిటి?

పద్దు పుస్తకం:
న్యాయమే అంటాను. ఏ సంస్థా నగరమంతా ఒకే రోజు అప్పులివ్వదు. ఎక్కడ ముందు, ఎక్కడ తర్వాత అన్నది మేనేజరు ఇష్టానికి కాకుండా లాటరీకి వదిలారు. ఆ రోజుల్లో మనం విన్నది ఏమిటో గుర్తు చేసుకోండి. ఆడవాళ్ల చేతికి చిన్న అప్పు అందితే పేదరికం పోతుందన్నారు. 2006లో, బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చిన మహమ్మద్ యూనస్‌కూ ఆయన గ్రామీణ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చాక ఆ నమ్మకానికి ఎదురు చెప్పేవారే లేకపోయారు. ఈ అధ్యయనం దాన్ని తూకం వేసి చూపించింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఇంటి ఖర్చు సగటున పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో తేడా లేదు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు దాన్ని కొంత పెంచుకున్నారు. లాభం కళ్లబడింది కూడా వాళ్లలో పైమెట్టున ఉన్నవాళ్లకే. ఇంత గట్టి జవాబు ధర్నాలతో వచ్చేదా?

సంఘం అక్క:
పద్దు పుస్తకం గారూ, ధర్నాలను తీసిపారేయకండి. ఆ అప్పు ఎలా ఉండేదో ముందు చూద్దాం. ఆరు నుంచి పది మంది ఆడవాళ్లు ఒక గ్రూపు. మొదటి విడత పదివేలు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, 50 వారాల కిస్తీలు. లెక్క కడితే వారానికి 224 రూపాయలు. అసలు తగ్గుతూ పోయినా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే కడతారు కాబట్టి నిజానికి పడేది ఏడాదికి 24 శాతం దాకా. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకునే ఇంటికి అది చవకే, కాదనను.

కానీ మీటింగు రోజు పొద్దున్నే ఆ 224 చేతిలో ఉండాలి. ఒకామె తేలేకపోతే మిగతావాళ్లు తలా కొంత వేయాలి. నేను కూర్చున్న మీటింగుల్లో, లెక్క సరిపోయేదాకా ఎవరూ చాప మీది నుంచి లేచేవారు కాదు. ఇళ్లలో పనికి ఆలస్యమై మాట పడ్డవాళ్లను, కిస్తీ గొడవతో పక్కింటి గడప తొక్కడం మానేసినవాళ్లను చూశాను. సగటు ఖర్చు లెక్కలో ఇది ఎక్కడ పడుతుంది? టీ, పాన్, పొగాకు, బయటి తిండి మీద ఖర్చు తగ్గిందని ఆ పరిశోధన పత్రమే రాసింది. అక్కరలేని ఖర్చు తగ్గిందని సంతోషించేవాళ్లు ఉన్నారు. కిస్తీ కోసం కడుపు కట్టుకోవడం కూడా అందులో ఉందని నేనంటాను.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటి. బస్తీలను ఎంచేటప్పుడే భవన నిర్మాణ కూలీలు ఎక్కువగా ఉండే చోట్లను పక్కన పెట్టారు. తరచూ ఇల్లు మారేవాళ్లకు అప్పివ్వడం సంస్థకు ఇష్టం లేదు. పాలమూరు నుంచి వచ్చి పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనిషి, కట్టే మేడ పక్కనే రేకుల గుడిసెలో ఉండే తల్లి ఈ లెక్కలోకే రాలేదు. వాళ్లను వదిలేసి వచ్చిన ఫలితాన్ని ‘పేదల మీద ప్రభావం’ అని ప్రపంచమంతా చెప్పుకోవడం సబబా?

లెక్కల మాస్టారు:
ఒక చిన్న మాట. లాటరీ తగలని బస్తీలు అప్పు లేకుండా ఏమీ లేవు. వేరే సంస్థలు అక్కడికీ వచ్చాయి. సూక్ష్మరుణం తీసుకున్న ఇళ్లు అక్కడ సుమారు 18 శాతం, లాటరీ తగిలిన చోట 27 శాతం. పోల్చింది ఈ కాస్త తేడానే. కాబట్టి ఈ పత్రం చూపించి ‘అప్పుతో ఏమీ జరగలేదు’ అనడం తొందరపాటు.

పద్దు పుస్తకం:
అక్కా, కూలీల సంగతి ఆ పత్రంలోనే ఉంది, దాచిపెట్టలేదు. మీ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే లెక్కలు లేకుండా నిర్ణయాలు తీసుకుంటే ఏమవుతుందో కూడా చూడాలి. 2010లో సూక్ష్మరుణాలు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తలు వచ్చాక అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి ముందు వసూళ్లు వద్దు, వారం కిస్తీ బదులు నెల కిస్తీ అంది. జనం కిస్తీలు కట్టడం దాదాపు ఆగిపోయింది. ఇక్కడ డబ్బు ఇరుక్కున్న సంస్థలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. ఎమిలీ బ్రెజాతో కలిసి ఇదే కిన్నన్ దాన్ని పరిశీలించారు. 2021లో అచ్చయిన ఆ పత్రం ప్రకారం అలా అప్పులు తగ్గిన జిల్లాల్లో రోజు కూలి రేట్లు పడిపోయాయి. మీరు బాధపడుతున్న కూలీకే దెబ్బ తగిలింది. ఇది ఏ మీటింగులో కూర్చున్నా కనబడేది కాదు.

సంఘం అక్క:
కనబడదు, నిజమే. అందుకే పరిశోధన వద్దని నేను అనడం లేదు. కానీ వసూళ్ల వేధింపులను ఆపమన్నది బస్తీ. ఆ మాట ముందే విని ఉంటే ఆర్డినెన్సు దాకా వచ్చేది కాదు.

ఇప్పటి సంగతి చూడండి. 2022లో రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాల వడ్డీపై గరిష్ఠ పరిమితి తీసేసింది. ఒక కుటుంబం కట్టే అప్పుల కిస్తీలన్నీ కలిపి దాని ఆదాయంలో సగం దాటకూడదంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన పాత రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. సంస్థలకు బస్తీల దారి మళ్లీ తెరుచుకుంది. అడ్డా కూలీ ఇంటి ఆదాయం ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. అందులో సగం ఎంతో ఏ కాగితం చూసి తేలుస్తారు? రేపు సర్వేకు వచ్చేవాళ్లు ఆ ఇంటి నుంచే మొదలుపెట్టాలి. ఎన్ని కిస్తీలు తప్పాయి, తప్పిన వారం ఎవరు కట్టారు, కట్టడానికి ఏం తాకట్టు పెట్టారు అని అడగాలి. వచ్చిన ఫలితాన్ని తెలుగులో, ఉర్దూలో అదే బస్తీలో చదివి వినిపించాలి.