వీరగాథలను తలకిందులు చేసే హాస్య ఫాంటసీ మన పాఠకులకు అందుతుందా?

చర్చ ప్రారంభించినవారు, తిరుపతి

ఆంగ్ల హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’ అనే ఫాంటసీ వరుసలో రాసిన 41 నవలల్లో ఎనిమిదవదైన ‘గార్డ్స్! గార్డ్స్!’ (1989) విషయంలో మా మిత్రబృందం రెండుగా చీలిపోయింది. చదవనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. ఒక మహానగరంలో ఒక రహస్య సంఘం మంత్రబలంతో డ్రాగన్‌ను రప్పిస్తుంది. దానిని సంహరించినట్టు నటించే ఒక కీలుబొమ్మను సింహాసనం ఎక్కించి, వెనుక నుండి తాను చక్రం తిప్పాలన్నది ఆ సంఘం నాయకుడి పన్నాగం. ఎవరూ లెక్కచేయని రాత్రి గస్తీ దళమూ, తాగుడుకు బానిసైన దాని నాయకుడు వైమ్సూ ఈ గుట్టును ఛేదిస్తారు. ఆ దళంలో కొత్తగా చేరిన కారట్ అనే యువకుడికి కిరీటం ఆకారంలో పుట్టుమచ్చ ఉంటుంది, పాతకాలపు కత్తి ఉంటుంది, అసలైన రాజవంశీకుడన్న ఆనవాళ్లన్నీ ఉంటాయి. అయినా అతడు రాజు కాడు, కావాలని కోరుకోడు కూడా.

పాశ్చాత్య వీరగాథలు చదవని తెలుగు పాఠకుడికి ఈ హాస్యం ఎంతవరకు అందుతుంది? అందినా, అద్భుతాన్ని నవ్వులపాలు చేయడం వల్ల సాహిత్యానికి ఒరిగేదేమిటి? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

తెలుగు అధ్యాపకురాలు, పుత్తూరు

నా అభిప్రాయంలో ఇటువంటి నవల మరొకరి పొలంలో పరిగ ఏరుకోవడం వంటిది. ముందుగా ఎవరో నమ్మికతో ఒక వీరగాథ రాసి ఉండాలి, దానిని పాఠకుడు చదివి ఉండాలి, అప్పుడే ఈ నవ్వుకు చోటు. కారట్ చేతిలోని కత్తిలో ఏ మహిమా లేదంటే, మహిమగల కత్తుల కథలు చదివినవాడికే అది విశేషం.

రెండవ అభ్యంతరం దీనికంటే పెద్దది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, మర్రితొర్రలోని చిలుకలో ఉందని చెప్పినప్పుడు పసిబిడ్డ ఊపిరి బిగబట్టి వింటుంది. ఆ క్షణంలో పక్కన కూర్చున్నవారు ‘ఆ చిలుక జబ్బుచేసి చస్తే ఏమిటి గతి?’ అని అడిగితే అందరూ నవ్వుతారు, నిజమే, కాని ఆ బిడ్డ ముఖంలోని వెలుగు పోతుంది. వీరరసం నుండి అద్భుతం పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. వీరుడినే వెక్కిరించిన చోట అద్భుతం పుట్టేదెలా? అక్కడ మిగిలేది రసాభాసమే.

పాఠకుడు, చిత్తూరు

మేడమ్ గారి మాటలోని ఆవేదన నాకు అర్థమవుతున్నది. అయినా మన జిల్లాల్లో పుట్టి పెరిగినవారు ఈ మాట అనవచ్చునా అని నా సందేహం.

తిరుపతిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరనే తీసుకోండి. పాలెగాడి ఆగడాలు మితిమీరినప్పుడు అమ్మవారు వాడిని వెతుకుతూ రోజుకొక వేషం కట్టిందని, దొర వేషంలో వచ్చినప్పుడు వాడు నమ్మి బయటికి రాగా సంహరించిందని కథ. ఆ కథను నమ్మిన భక్తులే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఒంటికి బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు చుట్టుకుని, బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే. మీసమున్న మగవాడు పట్టుచీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని నడుస్తుంటే చూసినవారు నవ్వుతారు, ఆ నవ్వుతూనే చేతులు జోడిస్తారు. అక్కడ వెక్కిరింత భక్తిని తగ్గించదు. ఏటేటా దానిని మళ్లీ రాజేస్తుంది.

ఇక మన పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల వద్ద జరిగే భారతాలు. పగటిపూట హరికథ, రాత్రి వీధినాటకం, 18 రోజులు. తెర వెనుక నిలిచిన మహారాజును హాస్యగాడు ‘నీవెవరివి, ఏ ఊరు?’ అని నిలదీస్తాడు, రాజు ఓపికగా తన వంశమంతా చెప్పుకోవలసి వస్తుంది. అంతసేపు నవ్విన జనమే అర్జునుడి తపస్సు రోజున, వేషధారి తపసుమాను (ఆ తపస్సు కోసం నాటిన ఎత్తైన మాను) ఎక్కుతుంటే, సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో ఆ మాను చుట్టూ సాగిలపడుతుంటే, నిశ్శబ్దంగా నిలబడతారు. నవ్వు అద్భుతాన్ని చంపేదే అయితే ఆ నిశ్శబ్దం ఎక్కడి నుండి వచ్చింది?

పరిగ మాటకు కూడా జవాబు చెబుతాను. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరు. రాక్షసుడు పెళ్లికూతురి వేషంలో పీటల మీద కూర్చుని కౌరవ వరుడి కాలు తొక్కుతాడు. భారతం తెలిసినవారికే అది పూర్తిగా అందుతుంది, అంతమాత్రాన దానిని ఎవరూ పరిగ అనలేదు.

తెలుగు అధ్యాపకురాలు, పుత్తూరు

సార్, మీరు చెప్పిన జాతరలో అడుగున భక్తి ఉంది. హాస్యగాడి వెనుక భారతం మీద విశ్వాసం ఉంది. మీ నవల అడుగున ఏముంది? వెక్కిరింత కింద మరొక వెక్కిరింత ఉంటే దానిని జాతరతో పోల్చడం న్యాయం కాదు. నాలుగు చమత్కారాలు కూర్చి నవల అని ముద్రించేవారు తక్కువేమీ కాదు, వారందరికీ మీరు మన జాతరను అండగా ఇచ్చినట్టవుతుంది.

పాఠకుడు, చిత్తూరు

అడగవలసిన ప్రశ్న ఇదే. నాలుగు చమత్కారాల నవలలను నేను సమర్థించను, వాటిని పక్కన పెడదాం.

ఈ నవలను రచయిత ఎవరికి అంకితమిచ్చాడో చూడండి. వీరగాథల్లో సరిగ్గా సమయానికి గదిలోకి ఉరికివచ్చి, ఒక్కొక్కరుగా కథానాయకుడి మీద పడి, ఒక్కొక్కరుగా చచ్చిపోయే రాజభటులకు. నీకు ఇది ఇష్టమేనా అని వారిని ఎవరూ అడగలేదన్నది అతడి బాధ. నవల అడుగున ఉన్నది ఆ కరుణ. పేరులేని ఆ భటుడిని మధ్యకు తీసుకురావాలంటే పుట్టుమచ్చనూ కత్తినీ కాస్త పక్కకు జరపక తప్పదు, ఆ జరపడంలోనే నవ్వు పుడుతుంది.

గస్తీవారు డ్రాగన్ మీద బాణం వేసే ఘట్టం ఒకటుంది. పది లక్షల్లో ఒక వంతు అవకాశమున్న పని కథల్లో తప్పక నెరవేరుతుందని వారికి తెలుసు. తమ గురి సరిగ్గా ఆ లెక్కకు రావాలని, ఒంటికాలి మీద నిలబడితే ఎంత, ముఖానికి మసి పూసుకుంటే ఎంత అని ఇంటికప్పు మీద నిలబడి వాదులాడుకుంటారు. తీరా బాణం గురి తప్పుతుంది. దీనికి పాశ్చాత్య గ్రంథాలేవీ చదివి ఉండనక్కరలేదు. ఆఖరి నిమిషంలో నాయకుడి గురి తప్పని సినిమాలు మనం ఎన్ని చూడలేదు!

ఇక అద్భుతం. ఆ డ్రాగన్‌ను రచయిత ఒక్కచోట కూడా ఆటబొమ్మను చేయలేదు. అది నిజంగా కాలుస్తుంది, నిజంగా చంపుతుంది. చివరకు అదే రాజై కూర్చుని కన్యను బలి అడిగితే, నగర పెద్దలు బల్ల చుట్టూ చేరి, ఒక్కొక్కరూ తమ మనసుకు సర్దిచెప్పుకుని ఒప్పుకుంటారు. నాకు వణుకు పుట్టించినది డ్రాగన్ కంటే ఎక్కువగా ఆ పెద్దల మర్యాదైన మాటతీరు. నవ్వుతూ చదువుతున్నవాడిని ఇంతగా భయపెట్టగలిగిన నవలను రసాభాసం అని తోసివేయడానికి నా మనసు ఒప్పదు.

అన్నిటికంటే ముఖ్యం నవల చివర. నగరాన్ని కాపాడినందుకు ఏమి కావాలో కోరుకోమన్నప్పుడు ఆ భటులు కొద్దిపాటి జీతం పెంపు, నీళ్లు కాచుకోవడానికి కొత్త కెటిల్, ఆడుకోవడానికి ఒక డార్ట్ బోర్డు అడుగుతారు, అవి అడగడానికి కూడా మొహమాటపడతారు. అర్ధరాజ్యమూ రాకుమార్తె చేయీ ఇచ్చే కథలు వింటూ పెరిగిన మనకు ఈ ఘట్టాన్ని ఎవరైనా విడమరచి చెప్పాలా? నాకైతే అక్కడ నవ్వు వచ్చింది, వెంటనే కళ్లు చెమ్మగిల్లాయి.

తెలుగు అధ్యాపకురాలు, పుత్తూరు

చివరి ఘట్టం విషయంలో మీతో ఏకీభవిస్తాను, అది అందుతుంది. అయితే పసిబిడ్డకు ముందు చిలుక కథనే చెప్పాలి, వెక్కిరింత తరువాత రావాలి. ఈ వరుస విషయంలో నా మాట మారదు.

చర్చ ప్రారంభించినవారు, తిరుపతి

వరుస గురించి మేడమ్ గారి మాటే నాకూ సమ్మతం. మన జానపద కథల్లో రాజు చప్పట్లు కొట్టి ‘ఎవరక్కడ!’ అనగానే ‘చిత్తం ప్రభూ’ అంటూ వచ్చి, ఆజ్ఞ విని వెళ్లిపోయే భటుడి వైపు నుండి తెలుగులో ఎవరైనా పూర్తి నవల రాస్తే చదవాలని ఉంది. రాసే ఉద్దేశమున్నవారు, ఆ భటుడిది మన ఏ ఊరైతే బాగుంటుందో కూడా ఇక్కడే చెప్పగలరు.